మహల్లా బిజినెస్ డైరెక్టరీ వెబ్‌సైట్‌కు ఏ సీఎంఎస్ మంచిది?

ఇంట్లో నికాహ్ కుదిరితే వంట మాస్టర్ కావాలి, ఫంక్షన్ హాల్ కావాలి, మెహందీ వేసేవాళ్లు కావాలి. ఎండాకాలం వస్తే ఏసీ మెకానిక్ కావాలి. మౌత్ అయిన ఇంటికి అర్ధరాత్రి ఫ్రీజర్ బాక్స్ కావాలి. ఈ నంబర్లన్నీ మహల్లాలో ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో అడిగితే దొరుకుతాయి కూడా. కానీ రెండు రోజుల్లో ఆ మెసేజ్ వందల మెసేజ్‌ల వెనక్కి పోతుంది. నెల తర్వాత మళ్లీ అదే ప్రశ్న. అందుకే మస్జిద్ కమిటీయో, యువజన సంఘమో, వ్యాపారుల సంఘమో కలిసి స్థానిక వ్యాపారాల డైరెక్టరీ వెబ్‌సైట్ పెట్టాలనుకుంటుంది.

అనుకున్న వెంటనే ఎదురయ్యేది సీఎంఎస్ ప్రశ్న. కంప్యూటర్ తెలిసిన అబ్బాయి ఒక పేరు చెప్తాడు, వెబ్ డిజైనర్ ఇంకో పేరు చెప్తాడు. డిజైన్ ఎలా ఉంది, ఫీచర్లు ఎన్ని అనేవి తర్వాతి సంగతులు. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. మూడేళ్ల తర్వాత ఈ సైట్‌ను అప్‌డేట్ చేసేది ఎవరు? ఆ సీఎంఎస్ వద్దనుకున్న రోజు జాబితా మొత్తం తిరిగి చేతికి వస్తుందా? ఈ రెండింటికీ సరైన జవాబు ఉంటే మిగతావి సర్దుకుంటాయి. లేకపోతే ఎంత ఖర్చు పెట్టినా రెండేళ్లకు అది మూగబోయిన నంబర్ల జాబితా అయిపోతుంది.

సీఎంఎస్ అంటే ఏమిటి?

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు పొట్టి పేరు సీఎంఎస్. కోడ్ రాయడం రాకపోయినా లాగిన్ అయి, ఫారం నింపినట్టు వివరాలు నింపి, బటన్ నొక్కితే పేజీ తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఇది.

న్యూస్ సైట్‌కూ డైరెక్టరీకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. వార్తకు హెడ్డింగ్, మ్యాటర్, ఫొటో ఉంటే చాలు. డైరెక్టరీలో ఒక్కో దుకాణానికి చాలా గడులు కావాలి: పేరు, పని రకం, ఏరియా, పిన్‌కోడ్, ఫోన్, వాట్సాప్, పనివేళలు. వీటన్నిటినీ ఒకే పేరాగ్రాఫ్‌లో టైప్ చేసేస్తే పేజీ చూడటానికి బాగానే ఉంటుంది, వెతకడానికి మాత్రం పనికిరాదు. ‘ఫలానా ఏరియాలో శుక్రవారం తెరిచి ఉండే పంక్చర్ షాప్’ అని వెతికితే దొరకాలంటే ఏరియా ఒక గడిలో, సెలవు రోజు ఇంకో గడిలో విడిగా ఉండాలి. డైరెక్టరీకి పనికొచ్చే సీఎంఎస్‌కు మొదటి పరీక్ష ఇదే.

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు షీట్

ఏ సీఎంఎస్ అయినా ఎంచుకునే ముందు 50 దుకాణాల వివరాలు ఒక ఎక్సెల్ లేదా గూగుల్ షీట్‌లో నింపి చూడాలి. ఏ గడులు కావాలో, ఏవి ఎప్పుడూ ఖాళీగానే ఉండిపోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. మహల్లా డైరెక్టరీకి మామూలుగా అవసరమయ్యేవి ఇవి:

- వ్యాపారం పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో
- పని రకం, ఏరియా, దగ్గరి గుర్తు, 6 అంకెల పిన్‌కోడ్
- ఫోన్ నంబరు, వాట్సాప్ నంబరు
- పనివేళలు, జుమా విరామం, రంజాన్‌లో మారే వేళలు
- తిండి పదార్థాలు అమ్మేవాళ్లకు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు
- వివరాలు పెట్టడానికి యజమాని ఒప్పుకున్న తేదీ
- నంబరు పనిచేస్తోందని చివరిసారి చెక్ చేసిన తేదీ

చివరి రెండూ చాలామంది వదిలేస్తారు. డైరెక్టరీ మీద నమ్మకం నిలబడేది మాత్రం వాటి మీదే.

వందలోపు ఎంట్రీలే ఉండి, అప్‌డేట్ చేసేది ఒక్కరే అయితే అసలు సీఎంఎస్ లేకుండా మొదలుపెట్టినా తప్పులేదు. షీట్‌లో పైకి చూపించదగిన గడులను మాత్రమే ఒక సాదా పేజీలో పెట్టి ఏడాది నడపొచ్చు. ఎంట్రీలు పెరిగి, నలుగురు కలిసి పనిచేయాల్సి వచ్చినప్పుడు ఆ షీటే సీఎంఎస్‌లోకి వెళ్తుంది.

వర్డ్‌ప్రెస్

2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ వాడకంలో ఉన్న సీఎంఎస్. సాఫ్ట్‌వేర్ ఉచితం, డొమైన్‌కూ, హోస్టింగ్‌కూ డబ్బు కట్టాలి. చిన్న షేర్డ్ హోస్టింగ్ మీద కూడా నడుస్తుంది. దీనికున్న పెద్ద బలం మనుషులు. విజయవాడలోనైనా నిజామాబాద్‌లోనైనా వర్డ్‌ప్రెస్ తెలిసిన కుర్రాడు దొరుకుతాడు. ఒకరు మానేస్తే ఇంకొకరు అందుకోగలరు.

డైరెక్టరీ కోసం జియోడైరెక్టరీ, డైరెక్టరిస్ట్, హైవ్‌ప్రెస్ లాంటి ప్లగిన్లు ఉన్నాయి. వీటి ప్రాథమిక రూపం ఉచితం, అదనపు సౌకర్యాలకు ఏటా ఫీజు. ఉచిత రూపంలో ఏముంది, ఏది డబ్బు కడితేనే వస్తుంది అన్నది ముందే రాసుకోవాలి. సగం పని అయ్యాక కావాల్సిన ఒక్క సౌకర్యం పెయిడ్ అని తేలితే కమిటీకి ఇబ్బంది.

బలహీనత కూడా ప్లగిన్లలోనే ఉంది. వాటిని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకపోతే హ్యాకర్లకు దారి దొరుకుతుంది. పెయిడ్ ప్లగిన్‌ను ఎక్కడో ‘ఫ్రీగా’ దించుకుని పెట్టేవాళ్లు ఉంటారు. అలాంటి కాపీల్లో వైరస్ కోడ్ కలిపి ఉండటం మామూలే, వాటికి అప్‌డేట్లు కూడా రావు. నాలుగు రూపాయలు మిగిల్చబోయి 400 మంది నంబర్లు పోగొట్టుకున్నట్టు అవుతుంది.

ఇంకొక విషయం: వర్డ్‌ప్రెస్ సొంత సెర్చ్ హెడ్డింగ్‌లో, మ్యాటర్‌లో మాత్రమే వెతుకుతుంది, విడి గడుల్లో వెతకదు. కాబట్టి ఏరియానూ పని రకాన్నీ కూడా వెతికే సెర్చ్ డైరెక్టరీ ప్లగిన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

జూమ్లా

2005లో మాంబో అనే పాత సీఎంఎస్ నుంచి విడిపోయి పుట్టింది జూమ్లా. ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అనే అనుమతులు ఇందులో వివరంగా పెట్టుకోవచ్చు. ఒక్కో మహల్లా ఎంట్రీలు ఆ మహల్లా బాధ్యుడు మాత్రమే మార్చేలా చేయడానికి ఇది పనికొస్తుంది. ఒకటి కన్నా ఎక్కువ భాషల్లో సైట్ నడిపే ఏర్పాటు కూడా జూమ్లాలోనే ఉంటుంది, విడిగా కొననక్కర్లేదు. డైరెక్టరీ ఎక్స్‌టెన్షన్లూ ఉన్నాయి, కానీ వర్డ్‌ప్రెస్‌తో పోలిస్తే తక్కువ. తెలిసినవాళ్లు కూడా తక్కువమందే దొరుకుతారు.

పాత జూమ్లా సైట్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. జూమ్లా 3కు 2023 ఆగస్టుతో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకా దానిమీదే నడుస్తున్న సైట్‌లో కొత్త డైరెక్టరీ మొదలుపెట్టకూడదు.

డ్రూపల్

డైరెక్టరీ పనికి నిర్మాణపరంగా బాగా అమరేది డ్రూపల్. 2001 నుంచి ఉంది. గడులు తయారుచేసుకోవడం, వాటితో రకరకాల జాబితాలు చూపించడం, భాషలు మార్చడం అన్నీ అసలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. ఏ గడికి అనువాదం కావాలో, ఏ గడి అన్ని భాషలకూ ఒకటేనో విడివిడిగా చెప్పొచ్చు. పేరు మూడు భాషల్లో, ఫోన్ నంబరు ఒకేచోట.

దీనివల్ల లాభం నంబరు మారినప్పుడు తెలుస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో భాషల ప్లగిన్లు మామూలుగా ఒక్కో భాషకు ఒక్కో పేజీ తయారుచేస్తాయి. జూమ్లా పద్ధతి కూడా అంతే. నంబర్లు అన్ని పేజీల్లో ఒకేసారి మారేలా సెట్టింగ్ పెట్టకపోతే తెలుగు పేజీలో కొత్త నంబరు, ఉర్దూ పేజీలో పాత నంబరు మిగిలిపోతాయి.

డ్రూపల్‌తో కష్టం ఏంటంటే, నేర్చుకోవడానికి టైం పడుతుంది, అప్‌డేట్ చేయడానికి సాంకేతిక పరిజ్ఞానం ఉన్న మనిషి కావాలి. 2025 జనవరిలో డ్రూపల్ సీఎంఎస్ పేరుతో కొంత సులభమైన రూపం వచ్చింది. అదే నెలలో పాత డ్రూపల్ 7కు సపోర్ట్ ముగిసింది. సంఘంలో ఇద్దరు డెవలపర్లు ఉండి, జిల్లా అంతటికీ వేల ఎంట్రీలు పెట్టే ఆలోచన ఉంటే డ్రూపల్ సరైనది. ఒక్క మహల్లాకు అంత అవసరం లేదు.

నెలకింత కట్టే సైట్లు

విక్స్ లాంటి కంపెనీలు హోస్టింగ్, డిజైన్, అప్‌డేట్లు అన్నీ తామే చూసుకుంటాయి. సాంకేతిక తలనొప్పి ఉండదు. కానీ ఇది అద్దె ఇల్లు లాంటిది. చందా ఆగిన రోజు సౌకర్యాలు ఆగుతాయి, మొత్తం సైట్‌ను ఇంకోచోటికి ఉన్నదున్నట్టు తీసుకెళ్లడం కుదరదు. డేటానైనా షీట్‌గా దించుకోగలిగితేనే వీటివైపు చూడాలి.

కంపెనీ పెద్దదే కదా అన్న ధైర్యం సరిపోదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ద్వారా చిన్న వ్యాపారులు ఉచితంగా పెట్టుకున్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. ప్రొఫైల్ మిగిలింది, సైట్ పోయింది. అలాగని ప్రొఫైల్ వద్దని కాదు. గూగుల్ మ్యాప్‌లో కనబడటానికి ప్రతి దుకాణానికీ ఆ ఉచిత ప్రొఫైల్ ఉండటం మంచిదే. డైరెక్టరీ మాత్రం సొంత డొమైన్ మీద, సొంత కాపీతో ఉండాలి.

తెలుగు, ఉర్దూ: అక్షరాల చిక్కులు

ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చింది. ఇళ్లలో పరిస్థితి మాత్రం కలగలుపుగా ఉంటుంది. ఉర్దూ మాట్లాడే ఇంట్లోనే తాతయ్య ఉర్దూ చదువుతారు, తెలుగు మీడియంలో చదివిన మనవరాలు తెలుగే చదువుతుంది. అందుకే రెండు లిపులూ అవసరం.

మొదటి చిక్కు పాత డేటా. సంఘం దగ్గర ఎప్పుడో ప్రింట్ చేసిన డైరెక్టరీ ఫైల్ ఉంటే, తెలుగు అను ఫాంట్లలో, ఉర్దూ పాత ఇన్‌పేజ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. అవి యూనికోడ్ కావు. అలాగే కాపీ చేసి సీఎంఎస్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. కన్వర్టర్‌తో మార్చి, ఒక్కో పేరు కంటితో సరిచూడాలి.

రెండోది దిశ. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. సీఎంఎస్ ఒక్కటే కాదు, ఎంచుకున్న థీమ్ కూడా దీన్ని సపోర్ట్ చేయాలి. లేకపోతే ఉర్దూ పేరు పక్కన ఫోన్ నంబరు, బ్రాకెట్లు తారుమారవుతాయి. ఒక్క ఉర్దూ ఎంట్రీ పెట్టి మొబైల్‌లో చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

మూడోది ఫాంట్. నస్తలీఖ్ చదవడానికి అందంగా ఉంటుంది. నోటో నస్తలీఖ్ ఉర్దూ లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. కానీ నస్తలీఖ్ ఫాంట్ ఫైళ్లు బరువు. ప్రతి పేజీకీ ఆ ఫాంట్ లోడ్ అయ్యేలా పెడితే చిన్న ఫోన్లలో సైట్ మెల్లగా తెరుచుకుంటుంది. ఉర్దూ పేజీల్లో మాత్రమే లోడ్ అయ్యేలా చేయించాలి.

నాలుగోది స్పెల్లింగ్. మొహమ్మద్, ముహమ్మద్, మహ్మద్, షేక్, షేఖ్, దర్జీ, టైలర్. మనిషికి ఇవన్నీ ఒకటే, సెర్చ్‌కు వేర్వేరు. ఉర్దూలో ఇంకో ఇబ్బంది ఉంది. అరబీ కీబోర్డుతో టైప్ చేసిన ‘యే’, ‘కాఫ్’ చూడటానికి ఉర్దూ అక్షరాల్లాగే ఉన్నా కంప్యూటర్‌కు వేరే కోడ్‌లు. గల్ఫ్ నుంచి అరబీ కీబోర్డు ఫోన్‌లో వెతికే అన్నయ్యకు ఊళ్లో దుకాణం దొరక్కపోవడానికి ఇది కారణం కావచ్చు. కాబట్టి ప్రతి ఎంట్రీకి ‘వేరే రాతలు’ అనే ఒక గడి పెట్టి, సెర్చ్ ఆ గడిని కూడా చూసేలా చేయాలి.

మ్యాప్ సంగతి

సైట్‌లో పటం చూపించాలంటే రెండు దారులు. గూగుల్ మ్యాప్స్ సేవను ప్లగిన్‌కు కలపాలంటే కార్డు వివరాలతో బిల్లింగ్ అకౌంట్ తెరవాలి. వాడకం ఉచిత పరిమితి దాటితే బిల్లు వస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ప్లగిన్‌కు ఆ బాధ లేదు. పాతబస్తీ గల్లీల్లాంటి చోట్ల పటం మీద చుక్క కన్నా ‘ఫలానా మస్జిద్ వెనక రెండో సందు’ అనే మాటే ఎక్కువ ఉపయోగం. ఆ గడి తప్పకుండా ఉండాలి.

నంబరు ఒక అమానత్

డైరెక్టరీలో అసలు బాధ్యత ఇక్కడుంది. ఎవరైనా ఫోన్ నంబరు ఇచ్చారంటే నమ్మి అప్పగించారని అర్థం. వాట్సాప్ గ్రూపులో కనబడిన నంబర్లన్నీ ఎత్తి సైట్‌లో పెట్టేయడం సరికాదు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా, సమ్మతి ఆధారంగా డేటా వాడేటప్పుడు దేనికి తీసుకుంటున్నారో చెప్పి స్పష్టమైన అంగీకారం తీసుకోవాలంటుంది. ఇచ్చినంత సులభంగా ఆ అంగీకారం వెనక్కి తీసుకునే వీలుండాలనీ అంటుంది.

ఇంటి దగ్గరే కుట్టుపని, టిఫిన్లు, మెహందీ, ట్యూషన్లు నడిపే ఆడవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. డైరెక్టరీ వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరిగేది వాళ్లకే, ఎందుకంటే వాళ్లకు బోర్డు ఉండదు, షట్టర్ ఉండదు. కానీ నంబరు బహిరంగమైతే పనికిమాలిన ఫోన్లు మొదలవుతాయి. నాలుగు రోజులు చూసి ‘మా పేరు తీసేయండి’ అంటారు. అందుకే సీఎంఎస్‌లో ఒక్కో ఎంట్రీకి నంబరు దాచిపెట్టే వీలు, నంబరు చూపించకుండా మెసేజ్ పంపే ఫారం, ఇంటి నంబరు లేకుండా ఏరియా మాత్రమే చూపించే వీలు ఉండాలి. ఈ మూడూ లేని ప్లగిన్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి.

మొత్తం జాబితా గురించి కూడా ఆలోచించాలి. ఒక మహల్లా వ్యాపారులందరి పేర్లు, అడ్రసులు ఒకే ఫైల్‌గా ఎవరైనా దించుకోగలిగితే ఉద్రిక్తత ఉన్న రోజుల్లో అది చెడ్డ చేతుల్లో పడొచ్చు. ఫైల్‌గా దించుకునే అధికారం ఇద్దరు బాధ్యులకు మించి ఉండకూడదు. అవసరమైతే సైట్‌ను తాత్కాలికంగా మూసే పద్ధతి వాళ్లిద్దరికీ తెలిసి ఉండాలి. మహల్లాలో వ్యాపారం చేసే ఇతర మతస్తుల దుకాణాలను కూడా చేర్చితే డైరెక్టరీ మొత్తం బజారుకు పనికొస్తుంది, ఆ ప్రమాదం కూడా కొంత తగ్గుతుంది.

ఎవరు చేర్చాలి, ఎవరు సరిచూడాలి?

‘మీ దుకాణం చేర్చండి’ అనే ఫారం అందరికీ తెరిచి ఉండొచ్చు. కానీ బాధ్యుడు ఓకే చేయనిదే ఏదీ పైకి రాకూడదు. లేకపోతే వారం తిరక్కుండా లోన్ యాప్‌ల ప్రకటనలతో నిండిపోతుంది. హజ్ పేరుతో డబ్బు తీసుకునే ట్రావెల్స్ ఎంట్రీలైతే ఇంకా గట్టిగా చూడాలి. ప్రైవేటు హజ్ ఆపరేటర్ల జాబితాను కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ ప్రకటిస్తుంది. పేరు అందులో ఉందో లేదో చూడకుండా చేర్చకూడదు. డబ్బు తీసుకుని పైన చూపించే ఎంట్రీకి ‘ప్రకటన’ అని స్పష్టంగా రాయాలి.

నంబర్లు చెక్ చేయడానికి ఏడాదిలో ఒక సమయం పెట్టుకుంటే సులువు. రంజాన్ ముందు షాబాన్ నెలలో చేస్తే మారిన వేళలు కూడా అప్పుడే రాసుకోవచ్చు. 400 ఎంట్రీలు, నలుగురు వాలంటీర్లు, రోజుకు తలా 10 ఫోన్లు చేస్తే పది రోజుల పని. చివరిసారి చెక్ చేసిన తేదీని బట్టి ఎంట్రీలను వరుసగా చూపించే వీలు సీఎంఎస్‌లో ఉంటే ఆ పని ఇంకా తేలిక.

తాళాలు ఎవరి దగ్గర?

సైట్లు మూతపడటానికి సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే పెద్ద కారణం. ఒక తమ్ముడు తన ఈమెయిల్‌తో, తన కార్డుతో డొమైన్ కొంటాడు. తర్వాత ఉద్యోగం కోసం దుబాయ్ వెళ్తాడు. రెన్యువల్ మెసేజ్ పాత నంబరుకు వస్తుంది, ఎవరూ చూడరు, డొమైన్ పోతుంది. ఆ తమ్ముడి తప్పు ఏమీ లేదు. సంఘం ఏర్పాటు చేసుకోలేదు, అంతే.

డొమైన్, హోస్టింగ్ రెండూ సంఘం పేరుతో, సంఘం ఈమెయిల్‌తో ఉండాలి. పాస్‌వర్డ్‌లు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. రెన్యువల్ తేదీ సంఘం రిజిస్టర్‌లో రాయాలి. మొదటి ఏడాది ఆఫర్ ధర చూసి బడ్జెట్ వేయకూడదు, రెండో ఏడాది రెన్యువల్ ధర అడగాలి. నెలకోసారి బ్యాకప్ తీసి హోస్టింగ్ కంపెనీ బయట ఒకచోట దాచాలి. దాంతోపాటు ఎంట్రీలన్నీ సీఎస్‌వీ ఫైల్‌గా దించి, ఎక్సెల్‌లో తెరిచి తెలుగు, ఉర్దూ సరిగ్గా వచ్చాయో చూడాలి. కొన్ని డైరెక్టరీ ప్లగిన్లు వివరాలను సొంత టేబుళ్లలో దాచుకుంటాయి. వర్డ్‌ప్రెస్ మామూలు ఎక్స్‌పోర్ట్‌లో అవి పూర్తిగా రాకపోవచ్చు. ఈ పరీక్ష 10 ఎంట్రీలు ఉన్నప్పుడే చేయాలి. 1,000 ఎంట్రీలయ్యాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఎవరికి ఏది?

- వందలోపు ఎంట్రీలు, ఒక్కరే బాధ్యుడు: షీట్, ఒక సాదా పేజీ.
- వంద నుంచి కొన్ని వేల దాకా ఎంట్రీలు, వాలంటీర్లు మారుతుంటారు: వర్డ్‌ప్రెస్, ఒకే ఒక్క డైరెక్టరీ ప్లగిన్.
- చాలా మహల్లాలు, ఒక్కోదానికి వేరే బాధ్యుడు, జూమ్లా తెలిసిన మనిషి దగ్గరే ఉన్నాడు: జూమ్లా.
- జిల్లా స్థాయి, మూడు భాషలు, ఇద్దరు డెవలపర్లు: డ్రూపల్.
- సాంకేతికంగా చూసుకునేవాళ్లు ఎవరూ లేరు, ఏటా చందా కట్టే స్తోమత ఉంది: నెలసరి సైట్, కానీ డేటా షీట్ ఎప్పుడూ సంఘం దగ్గరే.

ఎక్కువ కమిటీలకు వర్డ్‌ప్రెసే సరిపోతుంది. అది అన్నిటికన్నా గొప్పదని కాదు. చేతులు మారినా నడిపేవాళ్లు దొరుకుతారని. నిర్ణయం తీసుకునే ముందు ఉచితంగా ఒక టెస్ట్ సైట్ పెట్టి, కంప్యూటర్ అంతగా రాని ఒక కమిటీ సభ్యుడికి ఇచ్చి, ఫోన్‌లోంచే ఒక దుకాణం చేర్చమని, ఒక నంబరు మార్చమని, ఒక ఎంట్రీ తీసేయమని అడగాలి. ఆయన ఎవరి సాయం లేకుండా ఈ మూడూ చేయగలిగితే ఆ సీఎంఎస్ ఆ మహల్లాకు సరిపోయినట్టే.